స్క్రిప్టులో రాయని మాటను గొంతుతో పలికించడం ఎలా

గొంతుతో నటించేవారికి చేతిలో ఉండే ఆధారం ఒక్క కాగితమే. రంగస్థల నటుడికి తోటి నటుడి కళ్ళు, నడక, వేషం తోడుంటాయి. సినిమా నటుడికైతే కెమెరా దగ్గరకు వచ్చి కనురెప్ప కదలికను కూడా చూపించి పెడుతుంది. మైకు ముందు నిలబడినవారికి ఇవేవీ ఉండవు. పాత్ర అనలేక మింగేసిన మాట, ఎదుటివారే అర్థం చేసుకోవాలని వదిలేసిన మాట, తనకే తెలియకుండా బయటపెట్టుకున్న మాట, ఇవన్నీ శ్రోతకు చేరవలసింది స్వరం ద్వారానే. ఆ రాయని మాటను స్క్రిప్టులో ఎక్కడ వెతకాలో, దొరికినదాన్ని ఎంతవరకు వినిపించి ఎక్కడ ఆగాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవారు స్క్రిప్టు అందగానే వాక్యాల పక్కన ‘కోపంగా’, ‘బాధగా’, ‘వెటకారంగా’ అని రాసుకోవడం మొదలుపెడతారు. ఇది మానుకోవలసిన అలవాటని నా అభిప్రాయం. కోపం, బాధ అనేవి ఫలితాలు. మనిషి కోపపడాలని నిర్ణయించుకుని మాట్లాడడు. ఎదుటివాడి చేత ఏదో ఒప్పించాలనో, ఏదో దాచాలనో, ఎవరినో ఆపాలనో మాట్లాడతాడు, అది కుదరనప్పుడు కోపం వస్తుంది. ‘బాధగా’ అని రాసుకున్న గొంతు ప్రతి స్క్రిప్టులోనూ ఒకే బాధను పలుకుతుంది. భర్త పోయిన స్త్రీ, బస్సు తప్పిన విద్యార్థి ఒకే రకంగా నిట్టూరుస్తారు. శ్రోతకు పాత్ర వినిపించదు, పక్కన రాసుకున్న ఆ విశేషణమే వినిపిస్తుంది.

ఒకే వాక్యం వేర్వేరు అర్థాలను ఎలా మోస్తుందో మన ఆలంకారికులు ఏనాడో చర్చించారు. 11వ శతాబ్దానికి చెందిన కాశ్మీర పండితుడు మమ్మటుడు వ్యంగ్యార్థాన్ని, అంటే పైకి చెప్పకుండా స్ఫురింపజేసే అర్థాన్ని, వివరిస్తూ ‘సూర్యుడు అస్తమించాడు’ అన్న వాక్యాన్ని తీసుకున్నాడు. రాజుతో అంటే శత్రువు మీద పడడానికి ఇదే అదను అని, ప్రియుడిని కలవబోయే అభిసారికతో అంటే బయలుదేరవలసిన వేళ అయిందని, పనివాళ్ళు తమలో తాము అనుకుంటే ఇక పని చాలించుదామని, పశువుల కాపరులతో అంటే మందను ఇంటికి తోలమని అర్థం స్ఫురిస్తుంది. వాక్యంలో ఒక్క అక్షరమైనా మారలేదు. మారినది ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అన్నదే. దీన్నే సాధనగా మార్చుకోవచ్చు. ‘పొద్దుగుంకింది’ అన్న ఒక్క మాటను ఇంకా ఇల్లు చేరని కూతురి కోసం గుమ్మంలో నిలబడిన తండ్రిగా, కూలి లెక్క తేల్చి పంపమని మేస్త్రికి గుర్తుచేసే కూలీగా, వచ్చిన చుట్టం ఈ రాత్రికి ఉండిపోతే బాగుండునని ఆశపడే ముసలమ్మగా, అదే చుట్టం తొందరగా కదిలితే బాగుండునని చూసే కోడలిగా రికార్డు చేసి వినండి. భావం పేరు తలచుకోకుండా, ఎదుటివారు ఏం చేయాలని కోరుకుంటున్నారో అదొక్కటే మనసులో పెట్టుకుంటే నాలుగూ వాటంతట అవే వేరుగా పలుకుతాయి. వేరుగా పలకలేదంటే, ఎదుట ఎవరున్నారో మీరు ఇంకా స్పష్టంగా ఊహించుకోలేదని అర్థం.

మొదటి చదువు

స్క్రిప్టును మొదటిసారి పెదవి కదపకుండా చదవాలి. గట్టిగా చదివితే అర్థం తెలియకముందే నోటికి ఒక బాణీ పట్టేస్తుంది, తరువాత అర్థం తెలిసినా ఆ బాణీ వదలదు. రెండోసారి చివరి నుంచి మొదటికి, ఒక్కొక్క మాటగా వెనక్కి చదువుతూ రావాలి. చివర బయటపడిన సంగతి పాత్రకు మొదటి నుంచీ తెలుసా, మధ్యలో తెలిసిందా, అప్పుడే తెలిసిందా అన్న ప్రశ్నకు సమాధానం అలా చదివినప్పుడే దొరుకుతుంది. చాలా స్క్రిప్టుల్లో రాయని అర్థానికి తాళంచెవి చివరి రెండు మూడు వాక్యాల్లోనే ఉంటుంది. ఈ వ్యాసం కోసం కల్పించిన ఒక చిన్న రేడియో సన్నివేశంలో దీన్ని పరీక్షిద్దాం. స్క్రిప్టులో ఇచ్చిన వివరం ఇంతే: పల్లెటూరు, అక్క అత్తవారిల్లు, పొద్దెక్కుతున్న వేళ.

అక్క: వచ్చావా. కూర్చో.
తమ్ముడు: బావ లేరా?
అక్క: పొలం వెళ్ళారు. మంచినీళ్ళు తాగుతారా?
తమ్ముడు: తాగుతారా ఏంటక్కా, నేనేమన్నా చుట్టాన్నా?
అక్క: కాదులే. మామిడి చెట్టుకి ఈసారి కాపు బాగుందటగా.
తమ్ముడు: ఏ చెట్టు?
అక్క: అమ్మ నాటిన చెట్టు.
తమ్ముడు: బాగానే ఉంది.
అక్క: ఉందా? సరే. భోంచేసి వెళ్ళు.
తమ్ముడు: ఎండ ముదరకముందే బయలుదేరాలక్కా. మళ్ళీ వస్తాను.
అక్క: కాగితం ఏదీ? కళ్ళజోడు తెచ్చుకుంటాను.

వెనక్కి చదివితే మొదట తగిలేది కాగితం. తమ్ముడు ఏ కాగితం గురించీ ఎత్తలేదు, అయినా అక్క అడిగింది. అంటే అతడు గడపలో అడుగు పెట్టకముందే ఎందుకు వచ్చాడో ఆమెకు తెలుసు. కళ్ళజోడు తెచ్చుకుంటానంటోంది కనుక అది చదివి సంతకం చేయవలసిన కాగితం. ఇక్కడ లోకజ్ఞానం కూడా పనికొస్తుంది. 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు కొడుకులతో సమానమైన హక్కు వచ్చింది కనుక, పుట్టింటి పొలం అమ్మాలంటే ఆడపడుచు సంతకం కోసం రావలసిన అవసరం చాలా కుటుంబాల్లో ఏర్పడింది. ఆ పొలంలోనే తల్లి నాటిన చెట్టు ఉండేది. ఇది తెలిశాక ‘పొలం వెళ్ళారు’ అన్న మామూలు సమాధానంలోని మొదటి మాట కూడా ఆమె నోట కాస్త బరువెక్కుతుంది; అయితే ఆ బరువు ఆమెకు తెలియాలి, తమ్ముడికి గుచ్చుకోవాలి, అంతకుమించి దాన్ని నొక్కకూడదు.

‘తాగుతారా’ అన్నది ఈ సన్నివేశంలో మొదటి దెబ్బ. ముందు వాక్యంలో ‘వచ్చావా, కూర్చో’ అన్న అక్క రెండు వాక్యాల్లోనే తమ్ముడికి బహువచనం వాడింది. దీన్ని వెటకారంగా సాగదీసి పలకాలన్న ఆకర్షణ బలంగా ఉంటుంది, కాని అలా పలికితే సన్నివేశం అక్కడితో ముగిసిపోతుంది. బయటి చుట్టానికి ఎలా అంటుందో అంత మర్యాదగా, అంత మామూలుగా అన్నప్పుడే తమ్ముడు ఉలిక్కిపడడానికి కారణం ఉంటుంది. అతడు నవ్వుతూ తేలిక చేయబోతాడు, ఆమె ‘కాదులే’ అంటుంది. కాదు అంటే తగాదా లేదని. ఆ ‘లే’ తగిలేసరికి, కాదని నేను అనడం వల్ల నిజం మారదులే అన్న ధోరణి వస్తుంది.

తరువాతి వాక్యంలోని ‘బాగుందటగా’ను విడదీసి చూడాలి. ‘అట’ అంటే ఇతరులు చెప్పగా విన్నానని, ‘గా’ అంటే నీకూ తెలిసిన సంగతే కదా అని. నీ నోట వినవలసింది ఊళ్ళోవాళ్ళ నోట విన్నాను అన్న నిష్ఠురం ఆ ఒక్క పదంలో ఉంది. అయితే ఆమె విన్నది కాపు గురించి కాదు. చెట్టును కొట్టించేశారన్న కబురు విని, తమ్ముడు నిజం చెబుతాడో లేదో చూడడానికి కాపు సంగతి ఎత్తింది. ‘ఏ చెట్టు?’ అని తమ్ముడు అడగడం చెట్టు తెలియక కాదు. ఒక్క క్షణం గడువు కోసం. అందుకే ఆ ప్రశ్న ముందు విరామం ఉండకూడదు, తొందరపాటు ఉండాలి; విరామం ‘బాగానే ఉంది’కి ముందు రావాలి. అబద్ధం ఆడాలా వద్దా అన్న నిర్ణయం జరిగేది అక్కడ.

‘ఉందా?’ అన్నది ఈ సన్నివేశానికి ఆయువుపట్టు. వ్యాకరణ ప్రకారం అది ‘బాగానే ఉంది’కి కొనసాగింపు, బాగుందా అని అడిగినట్లే ఉంటుంది. లోపలి అర్థంలో అసలు చెట్టు ఉందా అని. రెండో అర్థాన్ని స్వరంతో విప్పి చెప్పిన నటి శ్రోతకు దక్కవలసిన ఆనందాన్ని తానే తీసేసుకున్నట్లు. మొదటి అర్థానికే పలికి, ‘సరే’కు ముందు ఒక పూర్తి శ్వాస తీసుకుంటే చాలు. ఆ తరువాత ఆమె మళ్ళీ ఏకవచనంలోకి వస్తుంది: ‘భోంచేసి వెళ్ళు’. దీన్ని క్షమించినట్లుగా చదవవచ్చు, తెగతెంపులకు సిద్ధపడినట్లుగానూ చదవవచ్చు. నేనైతే పరీక్ష ముగిసింది అన్న భావాన్ని ఎంచుకుంటాను: సమాధానం దొరికింది, ఇక గుచ్చవలసిన పని లేదు, పుట్టింటి నుంచి వచ్చినవాడిని ఆకలితో పంపకూడదన్న పెద్దరికం మాత్రం మిగిలింది. ‘ఉండు’ అనకుండా ‘వెళ్ళు’ అన్నదని కూడా గమనించాలి.

తెలుగు వాక్యంలో ఆనవాళ్ళు

పై సన్నివేశంలో ఆధారాలన్నీ చిన్న చిన్న ప్రత్యయాల్లో దొరికాయి. అది యాదృచ్ఛికం కాదు. తెలుగు మాటల్లో మనసు ఎక్కువగా దాక్కునేది వాక్యం చివర అంటుకునే ‘లే’, ‘గా’, ‘కదా’, ‘అట’, ‘మరి’, ‘ఏ’ వంటి వాటిలోనే. ‘వస్తాను’, ‘వస్తానులే’, ‘వస్తాగా’, ‘వస్తానన్నాగా’ అన్న నాలుగు మాటల్లో రాక ఒకటే, వక్తకు ఎదుటివారితో ఉన్న సంబంధం వేరు. స్క్రిప్టు అందగానే ఇటువంటి ప్రత్యయాలన్నిటి కింద పెన్సిలుతో గీత గీసి, అది లేకపోతే వాక్యం ఏం కోల్పోతుందని ఒక్కొక్కదాన్నీ తీసి చూడడం మంచి పద్ధతి. కోల్పోయినదే మీరు వెతుకుతున్నది.

సర్వనామాలనూ అంతే జాగ్రత్తగా చూడాలి. తెలుగు క్రియలోనే ఎవరన్నది ఇమిడి ఉంటుంది కనుక ‘చెప్పాను’ అంటే సరిపోతుంది. సంభాషణలో ‘నేను చెప్పాను’ అని రచయిత రాశాడంటే, ఇతరులు చెప్పలేదనో, నేను చెప్పినా ఎవరూ వినలేదనో ఒక పోలిక వెనుక ఉండే అవకాశం ఉంది. పదాల వరుస కూడా సాక్ష్యమే. సాధారణంగా క్రియకు ముందున్న మాట మీద ఊనిక పడుతుంది. ‘నిన్న వాడు వచ్చాడు’ అన్నప్పుడు వచ్చినవాడు ముఖ్యం, ‘వాడు నిన్న వచ్చాడు’ అన్నప్పుడు రోజు ముఖ్యం. ‘వచ్చాడు వాడు, నిన్న’ అని క్రియ ముందుకు దూకిందంటే, ఆ మాట చాలాసేపటి నుంచి నోటి చివర నిలిచి ఉందని అనుకోవచ్చు. రచయిత అలా రాసినదాన్ని పలికేటప్పుడు మామూలు వరుసలోకి సవరించుకునే డబ్బింగ్ కళాకారులు కొందరున్నారు. పలకడం సులువవుతుంది కాని ఆనవాలు చెరిగిపోతుంది.

మర్యాద మాటలు మరో గని. ‘మీ ఇష్టం’, ‘చూద్దాం’, ‘పర్వాలేదు’, ‘అలాగే కానివ్వండి’ వంటివి మన వాడుకలో చాలాసార్లు కాదనడానికే పనికొస్తాయి. పెళ్ళి సంబంధం గురించి ‘ఇంట్లో మాట్లాడి కబురు చేస్తాం’ అన్న మాట ఏ స్వరంలో వచ్చిందన్న దాన్ని బట్టే అవతలివారు ఇంకో సంబంధం వెతకాలా వద్దా అని తేల్చుకుంటారు. అలవాటైన మర్యాద మాట స్క్రిప్టులో కనబడితే, దాన్ని నోటికి వచ్చిన వరసలో దొర్లించేయకుండా, ఈ సందర్భంలో ఇది ఒప్పుకోలా, వాయిదానా, తిరస్కారమా అని తేల్చుకున్న తరువాతే ముందుకు వెళ్ళాలి. జవాబు రాని ప్రశ్నలు, అకస్మాత్తుగా మారిన ప్రస్తావన, ఒకే మాట రెండుసార్లు రావడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

అయితే ఆనవాళ్ళన్నీ నమ్మదగినవి కావు. ఏకవచనం కనబడగానే చనువో, చులకనో అనుకోవడం ప్రాంతం తెలియని పొరపాటు. తెలంగాణ పల్లెల్లో తల్లిదండ్రులను, పెద్దవాళ్ళను ‘నువ్వు’ అనడంలో అగౌరవం లేదు, పైగా అక్కడ ‘మీరు’ అని మొదలుపెట్టడమే దూరం పెట్టినట్లు కావచ్చు. ఇతర భాషల నుంచి అనువదించిన స్క్రిప్టులో సర్వనామాలు మూలభాష వ్యాకరణం వల్ల వచ్చి చేరతాయి కనుక అక్కడ ‘నేను’, ‘నువ్వు’ల వెనుక ఏదో ఉందని తవ్వడం వృథా. డబ్బింగ్ సంభాషణల్లో ప, బ, మ వంటి అక్షరాల దగ్గర నటుడి పెదవులు మూసుకోవాలి కనుక రచయిత అర్థాన్ని బట్టి కాక పెదవి కదలికను బట్టి మాటను ఎంచుకుని ఉండవచ్చు. మూడు చుక్కలను కూడా నమ్మకండి. టైపు చేసినవారి అలవాటు పాత్ర తడబాటుగా మారకూడదు.

లోపలి మాటను రాసుకోవడం

ఆధారాలు దొరికాక, ముఖ్యమైన వాక్యాలకు మాత్రం మార్జిన్‌లో లోపలి మాటను రాసుకోవాలి. అది విశ్లేషణ వాక్యంగా ఉండకూడదు. పాత్ర తన యాసలో, తన నోటితో, తెగించి అంటే ఎలా అంటుందో అలా ఉండాలి. ‘అక్కకు తమ్ముడి మీద నమ్మకం పోయింది’ అని రాసుకుంటే గొంతుకు ఏమీ అందదు. ‘చెట్టు కొట్టించి నా దగ్గరకే వచ్చావుట్రా?’ అని రాసుకుంటే నాలుకకు పని దొరుకుతుంది. దాని పక్కన ఒక్క క్రియను రాసుకోవాలి, అది ఎదుటి మనిషి మీద జరిగే పని అయి ఉండాలి: ఎత్తిపొడవడం, బుజ్జగించడం, కూపీ లాగడం, తప్పించుకోవడం, హద్దు గీయడం, దువ్వడం, నిలదీయడం, కాళ్ళబేరానికి రావడం. మన భాషలో ఇటువంటి క్రియలకు కొదవ లేదు. మంచి క్రియ దొరికితే విశేషణం అవసరం ఉండదు, ఎందుకంటే బుజ్జగించబోయి విఫలమైన గొంతులో బాధ దానంతట అదే వస్తుంది.

తరువాత లోపలి మాటను, రాసిన మాటను ఒకే ఊపిరిలో వెంటవెంటనే పలకండి. ‘చెట్టు కొట్టించి నా దగ్గరకే వచ్చావుట్రా? మంచినీళ్ళు తాగుతారా?’ ఇలా నాలుగైదుసార్లు పలికాక మొదటి వాక్యాన్ని మనసులోనే అని, రెండోదాన్ని మాత్రం పైకి అనండి. మొదటి వాక్యపు వేడి రెండోదానిలోకి కొంత దిగుతుంది, కొంత ఆవిరైపోతుంది. ఆ దిగిన కొంతే మనకు కావలసినది. మొత్తం దిగినట్లు అనిపిస్తే పాత్ర తనను తాను అదుపు చేసుకోవడం మరచిపోయిందని గుర్తించి, దాచే ప్రయత్నాన్ని పెంచాలి. రాయని మాటను పలికించడంలో సగం శ్రమ దాన్ని దాచడానికే పోతుంది.

ఎవరికి ఏం తెలుసన్నది కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. పాత్రకు తెలిసి దాచే అర్థం ఒకటి. పాత్రకే తెలియనిది, శ్రోతకు మాత్రం తెలిసేది ఇంకొకటి: తాను అసూయపడుతున్నానని తెలియని అన్న తమ్ముడి కొత్త కారును మెచ్చుకుంటూ మైలేజీ గురించి మూడుసార్లు అడుగుతాడు. రెండో రకాన్ని గొంతులో ఏమాత్రం చూపించకూడదు; అన్న నిజంగా మైలేజీ కోసమే అడగాలి. అతడి అసూయను శ్రోత పట్టుకుంటాడు, ఆ పని రచయిత ఇప్పటికే చేసి పెట్టాడు.

మైకు దగ్గర

భరతుడు నాట్యశాస్త్రంలో వాచికాన్ని, అంటే మాటతో చేసే అభినయాన్ని, వివరిస్తూ స్వరానికి ఉరస్సు (రొమ్ము), కంఠం, శిరస్సు అని మూడు స్థానాలు చెప్పి, దూరంగా ఉన్నవారిని పిలవడానికి శిరస్సు నుంచి, కొంత దూరంలో ఉన్నవారితో కంఠం నుంచి, పక్కనే ఉన్నవారితో ఉరస్సు నుంచి పలకాలని సూచించాడు. ఇది మైకు లేని కాలపు సూత్రమైనా మైకు ముందే ఎక్కువ పనికొస్తుంది. శ్రోత చెవి ఎప్పుడూ అడుగు దూరంలోనే ఉన్నట్లు లెక్క, కాని పాత్ర మాట్లాడుతున్న మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నది స్థానం మార్చి చెప్పవచ్చు. శరీరాలు పక్కపక్కనే కూర్చుని ఉండగా ఒకరు కంఠస్థానంలోకి జరిగితే, వారి మధ్య దూరం పెరిగిందని శ్రోతకు ఎవరూ చెప్పనక్కరలేదు. పై సన్నివేశంలో ‘వచ్చావా’ ఉరస్సులో మొదలై ‘తాగుతారా’ కంఠంలోకి జరగడం నాకు సబబుగా తోస్తుంది.

అదే గ్రంథంలో కాకువు, అంటే అర్థాన్ని మార్చే కంఠస్వర భేదం, సాకాంక్షమని, నిరాకాంక్షమని రెండు విధాలుగా ఉంది. అర్థం ఇంకా పూర్తి కాలేదన్న ఎదురుచూపును మిగిల్చేది మొదటిది, వాక్యాన్ని మూసివేసేది రెండోది. ‘మీ ఇష్టం’ అన్న మాట చివరి అక్షరాన్ని కింది స్వరానికి పూర్తిగా దించకుండా వదిలితే, ఇంకా అడగండి, బతిమాలండి అన్న తలుపు తెరిచి ఉంటుంది. దించేస్తే తలుపు పడిపోయినట్లే. రాయని అర్థంలో చాలా భాగం ఈ చివరి అక్షరం మీదే ఆధారపడుతుంది. మన గొంతులకు ప్రతి వాక్యాన్నీ ఒకే ఎత్తులో ముగించే అలవాటు త్వరగా పడుతుంది కనుక, రికార్డు చేసుకున్నదాన్ని వాక్యాల చివరలు మాత్రమే వింటూ ఒకసారి పరీక్షించుకోవడం అవసరం.

మిగిలినవి శ్వాస, విరామం. నిర్ణయం తీసుకునే ముందు ఊపిరి లోపలికి వెళుతుంది, మాట మింగేశాక బయటకు వస్తుంది. ఈ తేడాను మైకు బాగా పట్టుకుంటుంది కాబట్టి అలంకారానికి ఊపిరులు చేర్చవద్దు. విరామంలో కూడా పాత్ర ఏదో ఒకటి చేస్తూ ఉండాలి, లేకపోతే అది ఎడిటింగ్‌లో కత్తిరించదగిన ఖాళీ మాత్రమే అవుతుంది. ఇక గొణుగుడు గురించి ఒక మాట. లోతైన భావం అనగానే స్వరం తగ్గించి గాలితో పలకడం ఈమధ్య ఒక ఫ్యాషన్ అయింది. ఎంతో దాచుకున్న మనిషి స్పష్టంగా, పొడిగా, మామూలుకంటే కాస్త హుషారుగా కూడా మాట్లాడతాడు. పెళ్ళిళ్ళలో, పరామర్శల్లో గమనిస్తే తెలుస్తుంది.

రంగాన్ని బట్టి మారేవి

రేడియో నాటకంలో రిహార్సలు ఉంటుంది, ఎదుటి పాత్రధారి పక్కనే ఉంటాడు, కనుక ఇంతవరకు చెప్పినదంతా అక్కడ అమలు చేయవచ్చు. డబ్బింగ్‌లో పరిస్థితి వేరు. చాలాసార్లు స్క్రిప్టు స్టూడియోలో అడుగుపెట్టాకే కనబడుతుంది. ఒక్కొక్క బిట్టును తెర మీద వేసి, హెడ్‌ఫోన్‌లో పైలట్ ట్రాక్, అంటే షూటింగ్‌లో రికార్డయిన మాటలు, వినిపించి రికార్డు చేస్తారు. ఎదుటి పాత్రకు గొంతు ఇచ్చేవారు ఇంకో రోజు వచ్చి చెప్పి వెళతారు. పైగా రాయని మాట ఏమిటన్నది తెర మీద నటుడు ముందే నిర్ణయించాడు. మీ పని దాన్ని కనిపెట్టడం. పెదవులను చూస్తూ ఉంటే సమయం కుదురుతుంది కాని అర్థం దొరకదు. బిట్టును మొదటిసారి వేసినప్పుడు నటుడి కళ్ళను, మాట మొదలుకాకముందు ఛాతీ కదలికను చూడండి, రెండోసారి పెదవులను చూడండి. వేరే భాషా చిత్రమైతే ‘నువ్వు’, ‘మీరు’ల మార్పు అనువాదకుడు ఎక్కడ పెట్టాడో, అది తెర మీది సంబంధానికి సరిపోతుందో లేదో డబ్బింగ్ ఇన్‌ఛార్జ్‌ను మర్యాదగా అడగడంలో తప్పు లేదు.

ఆడియో పుస్తకం చదివేవారికి ఒక అదనపు చిక్కు ఉంది. పుస్తకం మొత్తం ముందే చదివి ఉండాలి, ముందు ముందు జరిగేది గొంతులో తెలియకూడదు. కథకుడి వాక్యాలు ఏ పాత్ర మనసుకు దగ్గరగా నడుస్తున్నాయో పేరాకు పేరా గుర్తించాలి. ‘రామయ్యగారు చాలా ఉదారులు, అరువు అడిగినవాడిని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవారు’ అన్న వాక్యం నిజమైన మెప్పా, అప్పు మాత్రం ఇవ్వలేదన్న చురకా అన్నది తరువాతి పేజీ చెబుతుంది. చురకే అయినా మెప్పులాగే చదవాలి.

ప్రకటనల్లోనూ రాయని మాట ఉంటుంది, అయితే సాధారణంగా ఒక్కటే ఉంటుంది, ఇరవై ముప్పై సెకన్లలో అంతకు మించి పట్టదు. బీమా ప్రకటనలోని ‘మీ పిల్లల చదువు ఆగకూడదు కదా’ అన్న వాక్యం వెనుక మీరు లేని రోజున అన్న మాట ఉంది. దాన్ని భయపెట్టేలా పలికితే వినేవాడు చెవులు మూసుకుంటాడు. ఆ భయం ఉన్న సాటి తండ్రిగా పలికితే వింటాడు. రేడియోలో తుపాను హెచ్చరిక చదవడం ఇంకా సున్నితమైన పని. మన ఓడరేవుల్లో ఎగరేసే హెచ్చరికలు 1 నుంచి 11 వరకు ఉంటాయి; మచిలీపట్నం రేవులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని చదివే గొంతు, ఇక ఆలోచించకండి, కదలండి అని చెప్పాలి, అదే సమయంలో కంగారు పడకండి అనీ చెప్పాలి. ఇక్కడ ఆధారపడదగినది వేగం. మామూలుకంటే కొంచెం నెమ్మదిగా, ప్రతి ఊరి పేరునూ విడిగా పలికితే రెండూ నెరవేరతాయి.

అసలు రాయని మాటే లేని స్క్రిప్టులూ ఉన్నాయి. ఎరువు ఎన్ని కిలోలు వేయాలో, దరఖాస్తు ఏ కౌంటరులో ఇవ్వాలో చెప్పే వాక్యాలకు లోతు కల్పించబోతే వినేవారికి సమాచారం అందకుండా పోతుంది. నాటకంలో కూడా ‘తలుపు తియ్’ అంటే చాలాసార్లు తలుపు తీయమనే. ఒక పేజీలో రెండు మూడు వాక్యాలకే లోపలి మాట అవసరమవుతుంది. మిగిలినవి వాటిని మోసుకురావడానికి తేలికగా ఉండాలి. ప్రతి వాక్యాన్నీ బరువుగా పలికే గొంతు పది నిమిషాల్లో అలసట తెప్పిస్తుంది.

స్టూడియోలో రెండు నిమిషాల వ్యవధే ఉందనుకుందాం. అప్పుడు అడగవలసినవి కొద్ది ప్రశ్నలే: దీనికి సరిగ్గా ముందు ఏం జరిగింది, ఎవరితో అంటున్నాను, వాళ్ళ చేత ఏం చేయించాలని, ఏం అనకుండా ఉండడానికి ఈ మాట అంటున్నాను. చివరి ప్రశ్నకు సమాధానం దొరికితే మిగిలినవాటికి తొందరగానే దొరుకుతాయి. దర్శకుడు టేక్ విని ‘ఇంకోటి చేద్దాం, వేరేగా’ అన్నప్పుడు చాలామంది అదే ఉద్దేశంతో గొంతు పెంచో తగ్గించో మళ్ళీ చెబుతారు. దానికి బదులు మార్జిన్‌లోని క్రియను కొట్టివేసి ఇంకో క్రియను రాసుకోండి. ‘కూపీ లాగడం’ తీసేసి ‘బుజ్జగించడం’ పెడితే అక్క అడిగే మామిడి కాపు పూర్తిగా వేరే సన్నివేశంలోకి వెళుతుంది, తమ్ముడి అబద్ధం ఇంకా కష్టమవుతుంది. రెండు టేక్‌లూ దర్శకుడి చేతిలో పెట్టండి; తెర మీద పక్కనున్న మనిషిని, తరువాత వచ్చే సన్నివేశాన్ని చూసి ఏది సరిపోతుందో ఆయన ఎంచుకుంటాడు.